నవ్వులాటకి చెప్పిన పొదుపు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గర కూర్చున్నప్పుడల్లా, మీ రోజుల్లో పని తేలిక తాతగారూ, ఇప్పుడున్న ఒత్తిడి అప్పుడెక్కడిది అంటూ ఉంటారు. తేలికే నాయనా. నిండు డ్రమ్ముని అంచు మీద నిలబెట్టి, ఒంటి చేత్తో తిప్పుకుంటూ లారీ దాకా నడిపించుకు వెళ్ళడం పూలసజ్జ మోసినంత తేలిక. నా ఎడమకాలి బొటనవేలికి గోరు లేకపోవడానికి కూడా ఆ తేలికే కారణం.

నేను ఫస్టు ఫారంలో బడి మానేశాను. మానేశాడని మా అమ్మ చెప్పుకునేది, వదిలించుకున్నామని మేష్టారు చెప్పుకునేవారు. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు. ఆ తరువాత నాలుగైదు చోట్ల తిరిగి, చివరికి బందరులో ఒక పెద్ద నూనె కంపెనీ డిపోలో కుదురుకున్నాను. కంపెనీ పేరు మీకు అనవసరం. రైలు మీద పెట్రోలూ కిరసనాయిలూ వచ్చేవి. వాటిని డ్రమ్ముల్లో నింపి ఊళ్ళకి పంపడం మా పని. ఎర్ర డ్రమ్ము పెట్రోలుకి, నీలం డ్రమ్ము కిరసనాయిలుకి. ఎర్రవి ఎక్కువగా గుడివాడ వైపు వెళ్ళేవి, అక్కడ బస్సులూ లారీలూ ఎక్కువ. నీలంవి దివిసీమకి వెళ్ళేవి. సీమ పల్లెలకి అప్పటికి కరెంటు లేదు. అక్షరమ్ముక్క రాని కూలీకి కూడా ఎర్ర దాంట్లో నీలం నూనె పోయకూడదని తెలుసు. అందుకే ఆ పద్ధతి ఏళ్ళ తరబడి నడిచింది.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో మద్రాసు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఒక్కో గ్యాలన్ నూనె అమ్మడానికి అయ్యే ఖర్చు తగ్గించాలని. నూనె కొన్న ధర కాదు సుమా. రైల్లోంచి దించినప్పటి నుంచి ఊరి కొట్టుకి చేరేదాకా అయ్యే కూలీ, కిరాయి, రంగు, కారిపోయిన తరుగు, ఆవిరైపోయిన తరుగు, అన్నీ కలిపి అమ్మకపు ఖర్చు అంటారు. మా సూపరింటెండెంటుగారు వరండాలో ఒక నల్లబల్ల పెట్టించి, నెలనెలా మా డిపో ఖర్చు ఒక పక్కా, గోదావరి అవతల డిపో ఖర్చు ఇంకో పక్కా సుద్దముక్కతో రాయించేవారు. ఎప్పుడు చూసినా మాదే ఎక్కువ. ఆయన ఆ బల్ల ముందు నుంచి నడిచేటప్పుడు, అప్పులవాడి ఇంటి ముందు నుంచి నడిచినట్టు తల తిప్పుకునేవారు.

మొదటి మార్పు రంగుల మీద పడింది. గుడివాడ నుంచి ఎర్ర డ్రమ్ములు ఖాళీగా వచ్చి పడి ఉంటే, సీమకి పంపడానికి నీలం డ్రమ్ములు చాలడం లేదు. ఇకమీదట ఏ డ్రమ్ములో ఏ నూనైనా పోయొచ్చు అన్నారు. కాకపోతే పెట్రోలు డ్రమ్ములో కిరసనాయిలు పోసేముందు ఒక బకెట్టు మంచి కిరసనాయిలుతో కడిగి, ఆ కడుగునూనె గోతిలో పారబోసి, డ్రమ్ముని ఒక రోజంతా ఎండలో బోర్లించాలి.

ఈ కడుగుడు అంతా మా పెద్దమేస్త్రీ చేతిలో ఉండేది. ఆయనది గూడూరు దగ్గర పల్లె. ఆదివారం గంజిపెట్టిన చొక్కా వేసుకుని గుడికి వెళ్ళి, సోమవారం అంత శ్రద్ధగానూ డ్రమ్ములు కడిగే మనిషి. నేను ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. ఆయనకి కూతుళ్ళు లేరు, అందుకని ఇద్దరమూ ధైర్యంగానే పిలుచుకునేవాళ్ళం.

కొన్నాళ్ళకి మద్రాసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చారు. రంగు ఖర్చు తగ్గింది, కిరాయి తగ్గింది, తరుగు మాత్రం పెరిగిందేమిటని అడిగారు. రోజూ అన్ని బకెట్లు గోతిలో పోస్తుంటే పెరగదా. సూపరింటెండెంటుగారు నీళ్ళు నములుతున్నారు. అందరం వరుసగా నిలబడి ఉన్నాం. ఎవరూ మాట్లాడకపోతే నాకు నోరు దురద.

"అదెంత పనండీ," అన్నాను. "ఒక్క బకెట్టుతోనే డ్రమ్ములన్నీ కడుగుదాం. అయిపోయాక ఆ బకెట్టు కూడా ఆఖరి డ్రమ్ములో పోసి బిరడా బిగిద్దాం. తరుగు సున్నా. సీమ వాళ్ళేమన్నా నాలిక మీద వేసుకుని కొంటారా?"

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. నేను చెప్పిన మాట రాసుకున్న మొదటి మనిషి ఆయనే. మా మేష్టారు చూసి ఉంటే బావుణ్ణనిపించింది.

పది పన్నెండు రోజులకి ఉత్తర్వు వచ్చింది. గుమాస్తాగారు చదివి అర్థం చెప్పారు. నా మాటే. ఇంగ్లీషులో ఎంత మర్యాదగా ఉందంటే, నాకే గౌరవం కలిగింది.

పెద్దమేస్త్రీ చేయనన్నాడు. ఒక డ్రమ్ము కడిగితే బకెట్టులోకి కొంచెం పెట్రోలు వస్తుంది, పది కడిగితే ఇంకా వస్తుంది, చివరికి ఆ బకెట్టులో ఉన్నది ఏ నూనో చెప్పలేం, అది దీపాల్లో పోసుకునే వస్తువు అని సూపరింటెండెంటుగారి ముందు నిలబడి చెప్పాడు. గొంతు పెంచలేదు. మర్నాటి నుంచి ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన పని నాకిచ్చారు. జీతం కూడా పెంచారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆగి, నేను నవ్వులాటకన్నాను మావయ్యా అన్నాను.

"నువ్వు నవ్వులాటకే అన్నావురా అల్లుడూ," అన్నాడు. "వాళ్ళు అందులోంచి నవ్వు తీసేసి, మిగిలింది వాడుకున్నారు."

నాకు తెలియదని చెప్పను. తెలిసే ఆ పనిలో కూర్చున్నాను. మొదట్లో భయంగానే ఉండేది. నాలుగైదు డ్రమ్ములు కడిగాక సగం బకెట్టు ఎవరూ చూడకుండా గోతిలో పోసేవాణ్ణి. నెలలు గడిచాయి, ఎక్కడి నుంచీ ఫిర్యాదు లేదు. బల్ల మీద మా అంకె దిగుతూ వచ్చి ఒక నెల గోదావరి డిపోని దాటింది. సూపరింటెండెంటుగారు మిఠాయి పంచారు. నేనూ తిన్నాను. భయం అనేది కొత్త చెప్పులాంటిది, కొన్నాళ్ళు కరుస్తుంది, తరువాత దానంతటదే అలవాటవుతుంది. పారబోయడం మానేశాను.

వానలు పడి నాట్లు మొదలైన రోజులు. ఎండ లేదు. బోర్లించిన డ్రమ్ములు ఆరడం లేదు. పైగా ఆ సోమవారం గుడివాడ నుంచి వచ్చినవాటిలో అడుగున పెట్రోలు మిగిలే ఉంది. లారీ బయట నిలబడి హారను కొడుతోంది. ఒకే బకెట్టుతో అన్నీ గబగబా కడిగి, ఆ బకెట్టు ఆఖరి డ్రమ్ములో ఒంపి, పైన కిరసనాయిలు నింపి, బిరడా బిగించి లారీ ఎక్కించాను.

బుధవారం పొద్దున నేను కడుగుడు మొదలుపెట్టాక, పెట్రోలు వాసన గేటు దాకా కొట్టిందేమో, పెద్దమేస్త్రీ లేచి వచ్చాడు. ఆ బకెట్టు ఒకసారి ఇవ్వమన్నాడు. గేటు దాటించి దూరంగా ఖాళీ స్థలంలో పెట్టించాడు. పొడుగాటి వెదురు కర్ర చివర గుడ్డ చుట్టి, అంటించి, ఒంగి దూరం నుంచి చాచాడు. మంచి కిరసనాయిలైతే గుడ్డ తగిలినా ఒక పట్టాన అంటుకోదు. ఇక్కడ గుడ్డ బకెట్టుకి ఇంకా బారెడు దూరంలో ఉండగానే మంట లేచి దానికి ఎదురొచ్చింది.

ఆయన కర్ర పారేసి నా వైపు తిరిగాడు. "సోమవారం బకెట్టు ఎటు పోయిందిరా?"

ఎటు పోయిందో నాకు తెలుసు. ఆఖరి డ్రమ్ము మీద ఊరి పేరు నా చేత్తో నేనే రాశాను. అవనిగడ్డ దాటి, హంసలదీవి వెళ్ళే దారిలో ఉన్న ఒక పల్లె. అక్కడొక రైతు కిరాణా కొట్టు నడుపుతూ మా నూనె అమ్మేవాడు.

సూపరింటెండెంటుగారికి చెప్పాను. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. కాసేపటికి తేరుకుని, ఇప్పుడే బస్సెక్కి వెళ్ళి, దీపాలు పెట్టే వేళలోపు ఆ నూనె మొత్తం వెనక్కి తీసుకోమన్నారు. ఎన్ని రూపాయలైనా పరవాలేదన్నారు. నేను గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచారు.

"పెట్రోలు అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు. ఆ మాట సీమలో పాకితే మన నూనె ఇంక ఎవడూ ముట్టడు. నీళ్ళు కలిశాయని చెప్పు."

చిత్తమండీ అన్నాను. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పెట్రోలు అంటే, ఎవరు కలిపారు అని అడుగుతారు. నీళ్ళంటే వానల్లో ఎవరూ అడగరు.

బస్సు చల్లపల్లి దాటేసరికే మధ్యాహ్నమైంది. మోపిదేవిలో మొక్కులవాళ్ళు దిగుతూ, గుండు కొట్టించుకున్న పసివాళ్ళని అందిస్తూ ఎంతసేపు ఆపారో. ఇంకో రోజైతే ఆ బోడిగుండ్ల మీద నాలుగు మాటలు విసిరేవాణ్ణి. ఆ రోజు ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాను, పొద్దు ఎంత వాలిందా అని. అవనిగడ్డలో సైకిలు అద్దెకి తీసుకున్నాను. బురదలో సగం దారి నేను సైకిలెక్కాను, సగం దారి అది నా భుజమెక్కింది.

కొట్టు దగ్గరకి వెళ్ళి మొదట అడిగింది డ్రమ్ము తెరిచారా అని. పాత డ్రమ్ము నిన్న అయిపోయిందట, ఆ పొద్దున్నే కొత్తది తెరిచాడు. అసలే నాట్లు, పొలానికి వెళ్ళే ముందే జనం సీసాలు పట్టుకొచ్చి పోయించుకు వెళ్ళారు. నీళ్ళు కలిశాయండీ, అంతా వెనక్కి తీసుకోవాలి అని చెప్పాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీళ్ళు కలిస్తే ఇంతలా పరిగెత్తుకొచ్చావేంటి అబ్బాయ్?"

"కంపెనీ పరువండీ," అన్నాను.

"మీ కంపెనీకి అదొకటి ఏడిసిందా," అని నవ్వి లేచాడు. మంచి మనిషి. డప్పు వేయించాడు. పొద్దున కొట్టులో కొన్న కిరసనాయిలు తెచ్చిస్తే, వెనక గదిలో విడిగా దాచిన పాత డబ్బాల్లోది ఊరికే కొలిచి ఇస్తామని చాటించాడు. జనం పొలాల నుంచి తిరిగొచ్చే వేళ అది. సీసాలు వరుస కట్టాయి. పొద్దున కొననివాళ్ళు కూడా పట్టుకొచ్చారు. వద్దనలేదు. ఆయన ఎవరెవరికి పోశాడో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, ఒక్కో పేరూ తీసేస్తూ వచ్చాడు. చివరికి ఒక్క వేలు మిగిలింది.

కాలవ గట్టున క్రైస్తవుల పేటలో ఆఖరి ఇల్లు. ఇద్దరం నడిచి వెళ్ళాం. ఆ ఇంటావిడ అప్పుడే నాట్ల నుంచి వచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా బురద. అరుగు మీద కూర్చుని లాంతరు చిమ్నీ ముగ్గుతో తుడుస్తోంది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. కొట్టాయన సంగతి చెప్పాడు.

"పొద్దున్నే లాంతర్లో పోసేశానండీ," అంది. "బుడ్డి నిండా ఉంది. ఇప్పుడు ఒంపితే ఒత్తి పాడవుద్ది, మళ్ళా ఒత్తెక్కడ తెచ్చేది. నీళ్ళేగా? చిటపటమంటది, అంతేగా?"

ఆవిడ నా వైపే చూస్తూ అడిగింది. పెట్రోలమ్మా అంటే చాలు. లాంతరు నా చేతికందే దూరంలో ఉంది. లాక్కుని కాలవలో విసిరేసినా సరిపోయేది. కానీ కొట్టాయన నా పక్కనే ఉన్నాడు. ఆఖరి బస్సుకి అవనిగడ్డ చేరాలి. తిరిగొచ్చిన సీసాలన్నీ చూశాక నాకు గెలిచినట్టుగా కూడా ఉంది. బుడ్డెడు నూనె, ఏమవుతుందిలే అనుకున్నాను. అంతకంటే ముందు నా నోటికి ఒక మాట తట్టింది.

"అంతేనమ్మా," అన్నాను. "మీ లాంతరుకి జలుబు చేసింది. నాలుగు తుమ్ములు తుమ్మి ఊరుకుంటుంది."

ఆవిడ నవ్వింది. పొద్దున్నే ఒంపి తెచ్చిస్తానంది. మేం వెనక్కి తిరిగాం.

మర్నాడు పొద్దున్నే కొట్టాయన డిపోకి వచ్చాడు. చొక్కా నిండా మసి. తిన్నగా ఆఫీసులోకి వెళ్ళి, ఆవిడని తెల్లవారుతూనే లారీలో తెచ్చి బందరు ఆసుపత్రిలో చేర్పించామని చెప్పాడు. ఒత్తి వెలిగించి చిమ్నీ దించుతుండగా లాంతరు పేలిందట. ఇంట్లో ఇంకెవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టమన్నాడు.

ఆ తరువాత డిపోలో ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, చివర చెప్పాల్సింది వేరే ఉంది. లాంతరు చెయ్యి జారి పడిందని ఊళ్ళో విన్నట్టు నా పేరున ఒక వాంగ్మూలం రాయించారు. గుమాస్తాగారు రాశారు, నేను కింద సంతకం పెట్టాను. అది ఎన్నో రోజులు నిలవలేదు. ఎందుకు నిలవలేదో మీకే తెలుస్తుంది. మద్రాసు నుంచి మళ్ళీ మనుషులు వచ్చారు. సూపరింటెండెంటుగారిని బదిలీ చేశారు. పెద్దమేస్త్రీ తన పనిలోకి తిరిగి వచ్చాడు, నేను కూలీల వరసలోకి వెళ్ళాను. డ్రమ్ములకి మళ్ళీ వేయడానికి ఎర్ర రంగు, నీలం రంగు డబ్బాలు కొన్నారు. ఆ ఇంటివాళ్ళకి కంపెనీ కొంత సొమ్ము ఇచ్చింది. దాన్ని ఏ పద్దు కింద వేయాలో తెలియక, గుమాస్తాగారు అమ్మకపు ఖర్చులోనే వేశారు. ఆ నెల మా డిపో ఖర్చు ఎందుకు పెరిగిందో సంజాయిషీ ఇవ్వమని పై నుంచి ఉత్తరం వచ్చింది. నేను నవ్వులాటకి చెప్పడం లేదు. వచ్చింది.

ఇక అసలు సంగతి. సంతకం పెట్టిన మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడగకండి, కాళ్ళు తీసుకెళ్ళాయి. ఆవిడ భర్త వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కంపెనీ మనిషినని చెప్తే, మీరేం చేస్తారులే బాబూ, దానికి మొదటి నుంచీ తొందర, ఒత్తి పైదాకా ఎగదోసి వెలిగించుంటది అన్నాడు. నేను అవునన్నట్టు తలూపాను. ఊపాను మరి.

లోపల దోమతెర వేశారు. ముఖం సరిగా కనపడలేదు. నేను పలకరించగానే గొంతు గుర్తుపట్టింది.

"నీళ్ళన్నావుగా," అంది.

అప్పుడు చెప్పాను. నీళ్ళు కాదమ్మా, పెట్రోలు, నీ అరుగు మీద నిలబడ్డప్పుడు కూడా నాకు తెలుసు అన్నాను. నర్సు వచ్చి, వెళ్ళింది. మిగతా ఇళ్ళవాళ్ళందరూ తిరిగిచ్చేశారా అని ఆవిడ అడిగింది. ఇచ్చేశారన్నాను. మంచిదంది.

"మా ఆయన నేను తొందరపడ్డానంటన్నాడు. మా అమ్మా అదే అంటంది. నేను ఒత్తి చిన్నగానే పెట్టాను. ఆళ్ళకి చెప్పు."

బయటికి వచ్చి భర్తకి చెప్పాను. ఆయన అంతా విని, ఆ రోజే తెలుసా నీకు అని ఒక్కటే అడిగాడు. తెలుసన్నాను. కొడతాడనుకుని నిలబడ్డాను. ఆయన లేచి నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. నువ్వేం చేయలేదంటగా, అని ఆవిడతో అనడం తలుపు అవతల నుంచి వినపడింది.

శనివారం ఆవిడ పోయింది. ఆదివారం సమాధి చేస్తారని తెలిసి నేనూ, పెద్దమేస్త్రీ వెళ్ళాం. బస్సులో ఖాళీలున్నా ఆయన నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక పేట వాళ్ళందరూ అక్కడే ఉన్నారు, సీసాలు తెచ్చిచ్చినవాళ్ళూ, కొట్టాయనా. వాళ్ళందరి ముందు చెప్పాను. బకెట్టు సంగతి చెప్పాను, నేనన్న మాట సంగతి చెప్పాను, డ్రమ్ము సంగతి చెప్పాను. మాట తడబడకుండా, నవ్వించకుండా నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఎవరూ నన్ను తిట్టలేదు. కొట్టాయన తల వంచుకున్నాడు.

ఆవిడ తల్లి ముసలావిడ, చాప మీద కూర్చుని ఉంది. చెవులు సరిగా వినపడవట. పక్కనున్నావిడ ఆమె చెవి దగ్గర మళ్ళీ మొత్తం చెప్పింది. విన్నాక నన్ను దగ్గరకి రమ్మని చెయ్యి ఊపింది. వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"ఒక్క మాటేగా బాబూ," అంది. "ఆ మాట అనడానికి నీకేం అడ్డమొచ్చింది?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగింది. జవాబు నా దగ్గర ఉంది. ఆవిడ ముఖంలోకి చూస్తూ చెప్పదగ్గ జవాబు కాదది. ఆవిడ చాలాసేపు నా కోసం ఆగి, తరువాత ముఖం తిప్పుకుంది.